కంపెనీ కాగితాలు కోర్టులో – 4వ పాఠం: ఒక ఫారం, రెండు తేదీలు

పోయినసారి ఒక చెక్ బౌన్స్ లెక్క ఇచ్చాను: కంపెనీ చెక్కు బౌన్సయింది, తాను అంతకుముందే రాజీనామా చేశానని డైరెక్టర్ అంటున్నాడు, దాన్ని ఎలా రుజువు చేయాలి? వచ్చిన జవాబులు చదివాను. చాలామంది ఒకే చోట జారారు. "డీఐఆర్-12 (డైరెక్టర్ల మార్పును కంపెనీ రిజిస్ట్రార్‌కు తెలిపే ఫారం) సర్టిఫైడ్ కాపీ పెట్టాం, డైరెక్టర్ రాజీనామా రుజువైపోయింది" అని రాసేశారు. తప్పు కొంత నాదే. కంపెనీల చట్టం 2013 సెక్షన్ 399(3) ప్రకారం కంపెనీల రిజిస్ట్రార్ (ఆర్‌ఓసీ) ధ్రువీకరించిన నకలు అసలు కాగితంతో సమానం అని చెప్పి ఊరుకున్నాను. అసలుతో సమానమే, కానీ నిజంతో కాదు. ఈ కాగితం రిజిస్ట్రార్ దగ్గర ఉంది, అందులో ఇలా రాసుంది. నకలు చెప్పేది అంతవరకే.

ఉదాహరణకు దూరం వెళ్లక్కర్లేదు, హైదరాబాద్‌లోనే ఉంది. సత్యం కంప్యూటర్స్ పుస్తకాల్లో 2008 సెప్టెంబరు 30 నాటికి నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్లు. అందులో 5,040 కోట్లు లేనే లేవని 2009 జనవరి 7న చైర్మన్ రామలింగరాజే లేఖ రాశారు. అలాంటి లెక్కల మీద ఎన్ని ముద్రలు వేయించినా ఆ డబ్బు బ్యాంకులోకి రాదు.

సర్టిఫైడ్ కాపీ ఎలా తెప్పించాలో మళ్లీ చెప్పను. కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్లో దించుకున్న పీడీఎఫ్‌ను ప్రింటు తీసి నేరుగా కోర్టులో సాక్ష్యంగా (ఎగ్జిబిట్‌గా) పెడదామనుకునేవాళ్లు మాత్రం 2వ పాఠం ఇంకోసారి చదవండి.

ఇక అసలు గొయ్యి. డీఐఆర్-12లో రాజీనామా తేదీ ఒకటి, ఫారం దాఖలైన తేదీ మరొకటి. రాజీనామా మార్చి 5 అనుకుందాం. చెక్కు జులై 10న ఇచ్చారు, ఆగస్టులో లీగల్ నోటీసు అందింది, ఫారం సెప్టెంబరు 20న వేశారు. అవతలి లాయరు మొదటి ప్రశ్నే "నోటీసు వచ్చాక పుట్టిన రాజీనామా కదా ఇది?" అని. "ఆర్‌ఓసీ ఆమోదించింది" అని దానికి జవాబు చెప్పకండి. ఆ వాక్యం కనిపిస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇలాంటి ఫారాలు చాలావరకు ఎవరూ చదవకుండానే నేరుగా రికార్డులోకి ఎక్కుతాయి. లోపల రాసింది కంపెనీ మాట, రిజిస్ట్రార్ మాట కాదు.

అలాగని ఆలస్యంగా వేసినంత మాత్రాన రాజీనామా చెల్లకుండా పోదు. సెక్షన్ 168 ప్రకారం అది అమల్లోకి వచ్చేది నోటీసు కంపెనీకి అందిన రోజున, లేదా నోటీసులో రాసిన రోజున, ఏది తర్వాతదైతే ఆ రోజున. కాబట్టి ఆ ఉత్తరం మార్చిలోనే కంపెనీకి చేరిందని చూపే ఈమెయిలో, పోస్టు అక్నాలెడ్జ్‌మెంటో కావాలి. అదే ఫారం మార్చి 12నే వేసి ఉంటే ఇంత టెన్షన్ ఉండదు. జులైలో వచ్చే చెక్కును మార్చిలోనే ఊహించి ఎవరూ ఫారం వేయరు.

ఇలాగే రాజీనామా చేసిన డైరెక్టర్ అనితా మల్హోత్రా చెక్ బౌన్స్ కేసులో (2011) సుప్రీంకోర్టు వార్షిక రిటర్న్ (కంపెనీ ఏటా రిజిస్ట్రార్‌కు ఇచ్చే వివరాల కాగితం) సర్టిఫైడ్ కాపీని పబ్లిక్ డాక్యుమెంట్‌గా తీసుకుని ఆమె మీద కేసు కొట్టేసింది. రాజీనామా 1998లో, రిటర్న్ 1999 నాటిది, చెక్కులు 2004వి. ఆ కాగితానికి బలం ముద్ర వల్ల ఎంత వచ్చిందో, ఆ అయిదేళ్ల ఎడం వల్లా అంతే వచ్చిందని నా లెక్క.

నా అలవాటు ఒకటి చెబుతాను. నేను డీఐఆర్-12 కన్నా ముందు ఏఓసీ-4 (కంపెనీ ఏటి లెక్కలు దాఖలు చేసే ఫారం) తెరుస్తాను. బ్యాలెన్స్ షీటు కింద సంతకాలు ఎవరివో చూస్తాను. మార్చిలో వెళ్లిపోయిన మనిషి ఆగస్టులో సంతకం పెట్టి ఉంటే మిగతా కాగితాలు తిరగేసే పనే లేదు.

బ్యాలెన్స్ షీటులో అప్పు చూపితే దాని మీద దావా వేసే కాలపరిమితి పొడిగుతుందా అని అడిగినవాళ్లకు జవాబు వచ్చే పాఠంలో. ఈలోగా సుప్రీంకోర్టు ఇచ్చిన బిశాల్ జైస్వాల్ తీర్పు (2021) చదివి ఉంచండి. పొడిగించవచ్చు, అయితే నోట్స్, ఆడిటర్ రిపోర్టు చూశాకే.

అభ్యాసం: ఏదైనా ఒక కంపెనీ అయిదేళ్ల డీఐఆర్-12లు, ఏఓసీ-4లు, ఎంజీటీ-7లు (వార్షిక రిటర్న్‌లు) తీయండి. ప్రతి కాగితానికీ ఘటన తేదీ, సంతకం తేదీ, దాఖలు తేదీ పక్కపక్కన రాయండి. తేదీలు పొసగని చోటల్లా క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడగాల్సిన ప్రశ్న ఒకటి రాయండి. పది ప్రశ్నలకు తగ్గితే ఇంకో కంపెనీ తీయండి.