ఫ్యామిలీ కోర్టు వాయిదాకు సిద్ధం కావడం – మూడో పాఠం: తేదీల కాగితం, భూమి లెక్క, పిలుపు

మొదటి పాఠంలో నోటీసు ఎలా చదవాలో చూశాం. రెండో పాఠంలో వకీలును పెట్టుకోవడం గురించి, స్తోమత లేనివాళ్లు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టుకోవడం గురించి చెప్పుకున్నాం. ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయం ఎంతున్నా ఉచితంగా వకీలును ఇస్తారు, ఫోన్ నంబర్ 15100. ఇంకా రాసుకోనివాళ్లు ఇప్పుడు రాసుకోండి. ఈ పాఠంలో వాయిదాకు ముందు ఇంట్లో కూర్చుని తయారు చేసుకోవాల్సిన రెండు కాగితాల గురించి, ఆ తర్వాత కోర్టులో ఆ రోజు ఎలా ఉండాలో నేర్చుకుందాం.

కోర్టులో నిలబడగానే మన కష్టమంతా ఒక్కసారిగా గొంతులోకి వస్తుంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. "సార్, ఆయన నన్ను శానా గోస పెట్టిండు" అంటాం. అది నిజమే. కానీ జడ్జి దాన్ని రాసుకోవాలంటే ఎప్పుడు, ఎక్కడ, ఏం జరిగింది అన్నవి కావాలి. 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం 15వ సెక్షన్ ప్రకారం సాక్షి చెప్పిన ప్రతి మాటా పొడుగ్గా రాయాల్సిన పని లేదు, సారాంశం రాస్తే చాలు. అంటే మీరు పది నిమిషాలు మాట్లాడినా ఫైల్లోకి ఎక్కేది కొన్ని వాక్యాలే. ఆ వాక్యాలు ఏవో మీరే ముందుగా తేల్చుకుని వెళ్లడం మంచిది.

"మా వకీలు చూసుకుంటడు" అని వదిలేయకండి. ఈ చట్టంలోని 13వ సెక్షన్ ప్రకారం ఫ్యామిలీ కోర్టులో వకీలు ద్వారా మాట్లాడించుకోవడం మన హక్కు కింద రాదు, కోర్టు అనుమతి మీద జరుగుతుంది. మామూలుగా అనుమతి ఇస్తూనే ఉన్నారు. అయినా జడ్జి మధ్యలో వకీలును ఆపి, "అమ్మా, నువ్వు చెప్పు" అని నేరుగా అడిగే కోర్టు ఇది. ఆ క్షణానికే మనం సిద్ధమవుతున్నాం.

తేదీల కాగితం

ఒక తెల్ల కాగితం తీసుకోండి. ఎడమవైపు తేదీ, పక్కన జరిగింది ఒక్క వాక్యంలో, కుడివైపు దానికి రుజువు. ఒక పేజీ దాటకూడదు.

తేదీలు ఎవరికీ నోటికి ఉండవు. మన ఇళ్లలో కాలమంతా పండుగలతో, పంటలతోనే గుర్తుంటుంది. "బతుకమ్మకు తల్లిగారింటికి వచ్చిన, మళ్ల తీసుకుపోలే", "పత్తి ఏరే దినాల్లో కొట్టిండు" అంటారు. అలాగే రాసుకోండి, తర్వాత దాన్ని క్యాలెండర్ మీదికి తెచ్చుకోవచ్చు. 2022 దసరా అక్టోబర్ 5న వచ్చింది. 2023 ఉగాది మార్చి 22న వచ్చింది. పండుగ దొరికితే తేదీ దొరికినట్టే. పాప టీకాల కార్డు, అంగన్‌వాడీ రిజిస్టర్, బడి అడ్మిషన్, ఆస్పత్రి చీటీ, ఫోన్‌లో ఫొటో తీసిన రోజు, ఫోన్‌పేలో చివరిసారి డబ్బు పంపిన రోజు, ఇవన్నీ తేదీలు చెప్తాయి. లగ్గం పత్రిక ఇంట్లో ఎక్కడో ఉంటుంది, వెతకండి.

ఉదాహరణకు, దేవరకొండ వైపు నుంచి నల్గొండ కోర్టులో మనోవర్తి (పోషణ ఖర్చు) కేసు వేసిన ఒక అమ్మాయి అనుకుందాం. ఆమె కాగితం ఇలా ఉంటుంది:

2017 మే – లగ్గం – పత్రిక, ఫొటోలు
2019 ఆగస్టు – పాప పుట్టింది – బర్త్ సర్టిఫికెట్
2022 అక్టోబర్, దసరా తర్వాత వారం – కొట్టి పంపించారు – ఆస్పత్రి చీటీ
2022 డిసెంబర్ – పెద్దమనుషుల్లో మాట్లాడి తీసుకెళ్లారు – పంచాయితీ కాగితం, ఇద్దరు సాక్షులు
2023 మార్చి, ఉగాది ముందు – మళ్లీ పంపించారు, అప్పటి నుంచి తల్లిగారింట్లోనే – అన్న సాక్ష్యం
2023 జూన్ – పాప ఫీజుకు 2,000 పంపాడు, అదే చివరిది – బ్యాంకు స్టేట్‌మెంట్

ఇందులో అత్త అన్న మాటల్లేవు, ఆడపడుచు సంగతి లేదు, పెట్టుపోతల దగ్గర వచ్చిన గొడవ లేదు. అవి అబద్ధాలని కాదు. మనోవర్తి కేసులో జడ్జి తేల్చాల్సినవి వేరు. విడాకుల కేసైతే వేధింపులు వివరంగా రావాలి, అప్పుడు వాటికీ తేదీలు కావాలి. కొట్టిన సంగతిని మాత్రం ఏ కేసులోనైనా సిగ్గుపడి దాచొద్దు. నలుగురిలో చెప్పలేకపోతే మిగతావాళ్లను బయటికి పంపమని జడ్జిని అడగొచ్చు. ఆ వెసులుబాటు ఫ్యామిలీ కోర్టుల చట్టం 11వ సెక్షన్‌లో ఉంది, మన పక్షం అడిగితే చాలు.

చివరి డబ్బు సంగతి కూడా రాసిందని గమనించారా? చాలామంది ఆ వరుస రాయరు. "ఒక్క రూపాయి పంపలే" అని రాస్తారు. క్రాస్‌లో (అవతలి పక్షం మనల్ని ప్రశ్నించేటప్పుడు) అవతలి వకీలు ఆ 2,000 రసీదు తీసి చూపిస్తే, మిగతా ఐదు వరుసలూ నిజమైనా అనుమానంలో పడతాయి. మనకు కొంచెం ఇబ్బందైన నిజాన్ని మనమే ముందు చెప్పడం ఎప్పుడూ మేలు. సరిగ్గా తెలియని తేదీకి "సుమారు" అని రాయండి. అడిగింది గుర్తులేకపోతే "గుర్తులేదు సార్" అని చెప్పండి, అది తప్పు జవాబు కాదు.

పంచాయితీ కాగితం గురించి ఒక హెచ్చరిక. పెద్దమనుషులు స్టాంపు పేపర్ మీద రాసిచ్చిన విడాకుల కాగితాన్ని చూపించి "మాకు విడాకులు అయిపోయినయ్" అనేవాళ్లు మన జిల్లాల్లో చాలామంది ఉన్నారు. కొన్ని కులాల్లో ఆనవాయితీగా వచ్చే విడాకులను హిందూ వివాహ చట్టం కాపాడుతుంది, అయితే ఆ ఆనవాయితీ ఉందని కోర్టులో రుజువు చేయాలి. కాబట్టి ఆ కాగితాన్ని పారేయకండి, దాని మీదే భరోసా పెట్టుకుని కూడా ఉండకండి. వకీలుకు చూపించండి.

వాట్సాప్ మెసేజ్‌లు ఉంటే ప్రింట్ ఒక్కటే సరిపోదు. భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి, అది వకీలు తయారు చేస్తారు. మీరు చేయాల్సింది ఆ ఫోన్‌ను అమ్మకుండా, మెసేజ్‌లు చెరపకుండా ఉంచడం.

భూమి లెక్క

మనోవర్తి అడిగే కేసుల్లో ఇద్దరూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ (ప్రమాణం చేసి ఇచ్చే కాగితం) వేయాలని 2020 నవంబర్ 4న రజనీశ్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అదే తీర్పులో మనోవర్తిని దరఖాస్తు వేసిన రోజు నుంచి లెక్కగట్టాలని కూడా అన్నది. ఉద్యోగస్తులకు ఒక నమూనా ఇచ్చింది, వ్యవసాయం చేసేవాళ్లకు వేరే నమూనా ఇచ్చింది. మన దగ్గర ఎక్కువమందికి కావాల్సింది ఆ రెండోదే. చాలాసార్లు జీతగాళ్ల నమూనానే ప్రింట్ తీసి "నిల్, నిల్" అని నింపించేస్తున్నారు. మీ వకీలును అడిగి వ్యవసాయదారుల నమూనా తెప్పించుకోండి.

అందులో ఏం అడుగుతారంటే: మొత్తం ఎంత భూమి, అందులో వాటా ఎంత, ఎక్కడుంది, తరా ఖుష్కా (నీళ్ల భూమా, మెట్ట భూమా), ఏ పంట, గడిచిన మూడేళ్లలో దాని మీద వచ్చింది ఎంత, కౌలుకు తీసుకున్నది ఉందా, బర్రెలు, మేకలు, కోళ్లు ఉన్నాయా, భూమి మీద అప్పు ఎంత.

ఇక్కడ అవతలి పక్షం "నాకు రెండెకరాల చెలక ఉంది, వాన పడితే పంట, లేకపోతే లేదు" అని రాస్తుంది. అది నిజమో కాదో మీకే బాగా తెలుసు. సాగర్ ఎడమ కాల్వ కింద రెండు పంటలు వరి వేసే రెండెకరాలు వేరు, దేవరకొండ వైపు బోరు ఎండిపోయిన రెండెకరాలు వేరు. బత్తాయి తోట కాపుకొచ్చి ఉంటే దాని లెక్క ఇంకా వేరు. సర్వే నంబర్ తెలిస్తే భూ భారతి పోర్టల్‌లో ఎవరి పేరున ఎంత ఉందో చూడొచ్చు. భూమి మామ పేరున ఉండి కొడుకు సేద్యం చేస్తుంటే ఆ సంగతి రాయించండి: ఏ మిల్లుకు వడ్లు పోసేవాళ్లు, ఏ జిన్నింగ్ మిల్లుకు పత్తి తీసుకెళ్లేవాళ్లు. ఆ ఇంట్లో ఉన్న మనిషిగా మీకు తెలిసినంత వకీలుకు తెలియదు.

పాలమూరు వైపు నుంచి వలస పోయినవాళ్ల విషయంలో జీతం స్లిప్పు దొరకదు. పుణెలోనో ముంబైలోనో మేస్త్రీ కింద పనిచేసే మనిషికి రోజు కూలి ఎంతో అదే ఊరి నుంచి అక్కడికి వెళ్లిన ఇంకొకరు చెప్పగలరు. కొత్తగా కొన్న బండి, కట్టే చీటీ, ఇంటికి పంపే డబ్బు కూడా ఆదాయాన్ని చెప్తాయి.

మీ సొంత ఆదాయాన్ని మాత్రం దాచకండి. ఉపాధి హామీ జాబ్ కార్డు మీద పడిన కూలి, మిషన్ కుట్టి సంపాదించేది, డ్వాక్రా లోన్ అన్నీ రాయండి. ఆ తర్వాత నెల ఖర్చు రాయండి: అద్దె, పాలు, పాప ఫీజు, ఆటో, మందులు. "నెలకు 20,000 కావాలి" అని గుండుగుత్తగా అడిగేదానికన్నా వస్తువారీగా కూడితే వచ్చిన అంకెకు బలం ఎక్కువ.

మధ్యంతర మనోవర్తి దరఖాస్తును అవతలివారికి నోటీసు అందిన నాటి నుంచి వీలైనంత వరకు 60 రోజుల్లో తేల్చాలని చట్టంలోనే ఉంది. 2024 జూలై 1 నుంచి ఇది భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్, అంతకుముందు అందరికీ తెలిసిన 125. ఆలస్యమైతే ఈ మాట వకీలుకు గుర్తుచేయండి.

పిలుపు

వాయిదాకు ముందు రోజు ఈ-కోర్ట్స్ యాప్‌లో సీఎన్ఆర్ నంబర్ (ప్రతి కేసుకూ విడిగా ఉండే నంబర్) కొట్టి తేదీ, కోర్టు సరిచూసుకోండి. 2022లో కొత్త జిల్లాలకు జిల్లా కోర్టులు వచ్చాక సూర్యాపేట, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల వైపు కొన్ని పాత కేసులు చేతులు మారాయి. నల్గొండ, మహబూబ్‌నగర్ కోర్టుల ఆవరణలో ఎన్నో హాళ్లు ఉంటాయి, కాబట్టి జడ్జి హోదా, హాలు ఎక్కడుందో ముందే కనుక్కోండి. ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితం కనుక ఆధార్ సంచిలో ఉండాలి, కోర్టులోనూ పనికొస్తుంది. పదింటికల్లా ఆవరణలో ఉండేట్టు బయల్దేరండి.

హాలుకు వెళ్లగానే బెంచ్ క్లర్క్‌కు కేసు నంబర్ చెప్పి "వచ్చిన సార్" అనండి. అటెండర్ గుమ్మం దగ్గర పేరు పెట్టి పిలుస్తాడు. చాయ్‌కి వెళ్లేముందు తోడు వచ్చినవాళ్లలో ఒకరిని గుమ్మం దగ్గర ఉంచండి. పిలిచినప్పుడు మీరు లేకపోతే, కేసు వేసినవాళ్లైతే కొట్టేయొచ్చు, మీ మీద కేసు ఉన్నవాళ్లైతే ఎక్స్‌పార్టీ చేయొచ్చు, అంటే మీరు లేకుండానే కేసు నడిపించొచ్చు. నిజంగా రాలేని పరిస్థితి వస్తే ఆ పొద్దునే వకీలు చేత గైర్హాజరు పిటిషన్ వేయించాలి. మనోవర్తి ఎక్స్‌పార్టీగా తేలిపోతే దాన్ని రద్దు చేయమని అడగడానికి మూడు నెలలే గడువు. పొరుగు రాష్ట్రంలో పనిచేసే తమ్ముళ్లు ఇది ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోండి.

లోపలికి వెళ్లాక నమస్కారం పెట్టి "సార్" లేదా "మేడమ్" అంటే చాలు. అడిగినదానికే జవాబు. "పాప ఎవరి దగ్గర ఉంది?" అంటే "నా దగ్గరే ఉంది సార్, రెండో తరగతి" అని ఆపండి. ఆపడం కష్టం, నాకు తెలుసు. జడ్జి ఇంకా వినాలనుకుంటే తానే అడుగుతారు. అవతలివాళ్లు అబద్ధం చెప్తున్నప్పుడు మధ్యలో అరవకండి, ఆ మాటను తేదీల కాగితం వెనకాల రాసి వకీలుకు ఇవ్వండి. ఏడుపొస్తే ఏడవండి, నీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టండి. దానికి ఎవరూ ఏమీ అనరు.

బయటికి వచ్చేముందు తర్వాతి వాయిదా తేదీ, ఆ రోజు ఏం జరుగుతుందో (కౌంటరా అంటే అవతలివాళ్ల రాతపూర్వక జవాబా, కౌన్సెలింగా, సాక్ష్యమా) అడిగి రాసుకోండి.

ఈ వారం చేయాల్సిన పని

తేదీల కాగితం రాయండి. రాశాక ఇంట్లో ఒకరిని జడ్జిలా కూర్చోబెట్టి ఈ ఐదు ప్రశ్నలు అడిగించుకోండి: పెళ్లి ఎప్పుడైంది? ఎప్పటి నుంచి విడిగా ఉంటున్నారు? పిల్లలు ఎవరి దగ్గర? మీకు వచ్చే ఆదాయం ఎంత? కోర్టు నుంచి ఏం కోరుకుంటున్నారు? ప్రతిదానికీ రెండు వాక్యాలు దాటకుండా చెప్పండి. ఐదోదానికి జవాబు ఇంకా దొరక్కపోతే ఆ గడి ఖాళీగా ఉంచండి. నాలుగో పాఠంలో కౌన్సెలింగ్ గది గురించి చెప్పుకునేటప్పుడు ముందుగా దాని దగ్గరికే వస్తాం.