షార్డొనేలో పండు ఎంత, వెన్న ఎంత, చెక్క ఎంత

వెన్న వాసన చెక్క నుంచి రాదు. ఓక్ చెక్క పీపాలో పెంచిన షార్డొనే అనే తెల్ల వైన్‌ని రుచి చూడటం నేర్చుకోవాలంటే ముందు ఈ ముడి విప్పుకోవాలి.

వారాంతాల్లో నేను కాలిఫోర్నియాలోని సొనోమా కౌంటీలో, రష్యన్ రివర్ వ్యాలీలోని ఒక చిన్న వైనరీలో టేస్టింగ్ బార్ వెనక నిలబడి వైన్ పోస్తుంటాను. ఫ్రీమాంట్ నుంచో శాన్ రమోన్ నుంచో వచ్చే మనవాళ్లు బ్యాడ్జీ మీద పేరు చూసి "అక్కా, మీరు తెలుగువాళ్లా?" అని పలకరిస్తారు. మొదటి గుక్కకే "బాగా బటరీగా ఉంది, ఓక్ గట్టిగా పట్టింది" అంటారు. ఓక్ పట్టిన మాట నిజమే కావచ్చు, కానీ ఆ వెన్నకి దానితో సంబంధం లేదు.

గ్రీన్ యాపిల్‌లో పళ్లు పులిసేలా చేసే మాలిక్ ఆమ్లం ద్రాక్షలోనూ ఉంటుంది. వైన్ పులిశాక ఒక రకం బ్యాక్టీరియా దాన్ని పెరుగులో ఉండే మెత్తని లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. వైనరీల్లో దీన్ని ముద్దుగా "మాలో" అంటారు. ఆ పనిలో డయాసిటైల్ అనే పదార్థం పుడుతుంది. మైక్రోవేవ్ పాప్‌కార్న్ ప్యాకెట్ విప్పగానే గుప్పుమనే వెన్న వాసన లాంటిదే దీని వాసన. స్టీల్ ట్యాంకులో మాలో చేయించినా వెన్న వాసన రావచ్చు. అలాగని మాలో జరిగిన ప్రతి వైన్‌కీ వెన్న వాసన ఉండదు. ఫ్రాన్స్‌లోని షాబ్లీలో షార్డొనేకి మాలో మామూలే, అయినా అక్కడి వైన్ నిమ్మకాయలా, తడి రాయిలా ఉంటుంది తప్ప వెన్నలా ఉండదు. అడుగున చేరిన యీస్ట్ మడ్డి మీద వైన్‌ని ఎక్కువ కాలం ఉంచితే ఆ యీస్టే డయాసిటైల్‌ని తినేస్తుంది.

చెక్క ఇచ్చేవి వేరు: వనిల్లా, కొబ్బరి, లవంగం, పొగ, కారమెల్. పీపా చేసేటప్పుడు లోపలి వైపు మంట మీద కాలుస్తారు. ఎక్కువ కాలిస్తే పొగ, కాఫీ గింజ వాసన పెరుగుతాయి. లవంగానికి ఆ ఘాటునిచ్చే యూజెనాల్ ఓక్ చెక్కలోనూ ఉంటుంది కాబట్టి లవంగం వాసన వచ్చిందంటే అది మీ ఊహ కాదు. అమెరికన్ ఓక్‌లో కొబ్బరి వాసన ఎక్కువ. మంచి షార్డొనేకి చాలామంది ఫ్రెంచ్ ఓక్ వాడతారు. దాని చెక్క సన్నని పొరలతో పెరుగుతుంది, వాసన నెమ్మదిగా దిగుతుంది. ఫ్రాన్స్‌లోని బర్గండీలో వాడే పీపా 228 లీటర్లు పడుతుంది, అంటే సుమారు 300 సీసాలు. మూడు నాలుగు పంటలు పట్టాక పీపాలో వాసన దాదాపు అయిపోతుంది. కొత్త ఫ్రెంచ్ పీపా ఒక్కోటి 1000 డాలర్లకు అటూ ఇటూ ఉంటుంది. లెక్క వేసుకోండి, ఒక్క చెక్కకే సీసాకి 3 డాలర్లు దాటుతుంది. 8 డాలర్ల సీసాలో వనిల్లా ఘుమఘుమలాడుతుంటే అది పీపా పుణ్యం కాదు, ట్యాంకులో వేసిన ఓక్ ముక్కలదో పలకలదో అనుకోవచ్చు. అందులో మోసమేమీ లేదు. రుచి మాత్రం వైన్ పైపైన తేలుతుంది, లోపలికి కలవదు.

ఇక చేతల్లోకి వద్దాం. ఫ్రిజ్‌లో ఉన్న సీసాని తీసిన వెంటనే పోయకండి. 4 డిగ్రీల చల్లదనంలో వాసన ముడుచుకుపోతుంది, పులుపు, వగరు మాత్రం ముందుకొస్తాయి. 10 నుంచి 13 డిగ్రీల మధ్య ఉండాలి. అరగంట ముందు బయట పెడితే సరిపోతుంది, మే నెల హైదరాబాద్‌లో అయితే పావుగంట చాలు. గ్లాసు కాస్త వెడల్పు పొట్టది తీసుకుని మూడో వంతుకి మించి నింపకండి. ఇంట్లో ఆ రోజు అగరుబత్తి వెలిగించకుండా ఉంటే మంచిది. జడలో మల్లెపూలు, ఒంటిమీద సెంటు కూడా వద్దు, పక్కవాళ్ల ముక్కుని కూడా పాడు చేస్తాయి.

రంగు చూడటానికి ఎక్కువసేపు అక్కర్లేదు. తెల్ల కాగితం మీద గ్లాసు వంచి చూడండి. లేత గడ్డి రంగు నుంచి బంగారు రంగు దాకా ఏదైనా సరే. పీపాలో ఉన్నదీ, వయసు పెరిగినదీ కాస్త ముదురుగా ఉంటుంది. రెండేళ్ల వైన్ అప్పుడే గోధుమ రంగుకి తిరిగితే అనుమానించండి.

వాసన దగ్గర మాత్రం తొందర పడకండి. మొదట గ్లాసు తిప్పకుండానే ఒకసారి పీల్చండి. అప్పుడే వెలిగించి ఆర్పిన అగ్గిపుల్ల వాసన వస్తే భయపడొద్దు. బర్గండీ పద్ధతిలో చేసేవాళ్లు కొందరు దాన్ని కావాలనే ఉంచుతారు, కొద్దిగా ఉంటే అందమే. తర్వాత గ్లాసు తిప్పి, ఈసారి పండునే వెతకండి. వనిల్లా, వెన్న ఎలాగూ మీ దగ్గరికి వస్తాయి, పండుని మాత్రం మీరే పట్టుకోవాలి. నిమ్మ, గ్రీన్ యాపిల్ అయితే చల్లటి చోట పండిన ద్రాక్ష. పైనాపిల్, పండిన మామిడి అయితే వెచ్చటి చోటు. మా వ్యాలీలో రాత్రిళ్లు పసిఫిక్ నుంచి పొగమంచు వచ్చి కమ్మేస్తుంది, ఎండ మధ్యాహ్నానికి గానీ గట్టిపడదు. అందుకే ఇక్కడి షార్డొనేలో పండిన పియర్, పీచ్ పక్కనే నిమ్మ కూడా ఉంటుంది. పండు దొరికాక వెన్న, మీగడ, రొట్టె పిండి వాసన ఉన్నాయేమో చూడండి. రొట్టె పిండి వాసన యీస్ట్ మడ్డిది, దాన్ని పీపాలో కర్రతో కలుపుతూ ఉంటారు. చెక్కని చివర చూడండి. ఈ వరస ఎందుకంటే, బలమైన వాసన పేరు ముందు నోట్లోంచి వచ్చేస్తే బుర్ర ఇక మిగతావాటిని వెతకదు.

ఇప్పుడు గుక్క. నోరంతా తడిసేలా తిప్పి, పెదాల సందులోంచి కొద్దిగా గాలి లోపలికి లాగండి. శబ్దం వస్తుంది, రానివ్వండి. తర్వాత ఉమ్మేయండి. పదిమందిలో ఉమ్మడమంటే మనకి మొహమాటం, కానీ బార్ మీద డంప్ బకెట్ పెట్టేది అందుకే. కారు తాళం మీ దగ్గరుంటే ఇక ఆలోచించొద్దు.

ఉమ్మాక తల కాస్త వంచి నోరు ఊరుతోందో లేదో గమనించండి. బాగా ఊరితే పులుపు బతికే ఉంది. ఓక్ వేసిన షార్డొనేకి ఆ పులుపే వెన్నెముక. అది లేకపోతే వెన్న, వనిల్లా కలిసి నాలుక మీద జిడ్డులా కూర్చుంటాయి. తర్వాత నాలుకతో చిగుళ్లు, బుగ్గల లోపలి వైపు తడమండి. పచ్చి అరటికాయ కొరికినట్టు పట్టేస్తే అది చెక్క వగరు. కొంచెం ఉంటే నోటికి పట్టు ఇస్తుంది, నోరు ఎండిపోతే చెక్క మితిమీరినట్టే. గొంతులో మంట అనిపిస్తే ఆల్కహాల్ ఎక్కువ, లేబుల్ మీద అంకె చూడండి, 14.5 శాతం దగ్గర ఉండొచ్చు.

నా తీర్పు అంతా ఒక్క ప్రశ్న మీద ఆధారపడుతుంది. ఉమ్మాక మెల్లగా పది లెక్కపెడతాను. చివరికి నోట్లో మిగిలింది ఏమిటి? నిమ్మ, పియర్ లాంటిది ఏదో మిగిలి, దాని వెనక లవంగం, వేయించిన బాదం సన్నగా వినిపిస్తే ఆ వైన్‌కి మంచి మార్కులు. పండు మూడు లెక్కపెట్టేలోపే మాయమై, ఎండు చెక్కపొడి చేదొక్కటే పదిదాకా ఉంటే, సీసా ధర ఎంతైనా నేను మెచ్చుకోను. పోపు మాడ్చి పోసిన పప్పులో పప్పు ఎక్కడుంటుంది?

అసలు వైన్‌ని పీపాలోనే పులియబెడితే చెక్క రుచి ఎక్కువవుతుందని అందరూ అనుకుంటారు. జరిగేది తిరగబడి ఉంటుంది. పులిసేటప్పుడు యీస్ట్ వనిల్లా వాసనిచ్చే వనిలిన్‌లో కొంత భాగాన్ని వాసన తక్కువ ఉన్న పదార్థంగా మార్చేస్తుంది. స్టీల్‌లో పులిశాక పీపాకెక్కించిన వైన్ మీదే చెక్క విడిగా, మొరటుగా కనిపిస్తుంది. లేబుల్ మీద "బ్యారెల్ ఫర్మెంటెడ్" అని ఉంటే దాన్ని మంచి సంకేతంగానే తీసుకుంటాను.

లోపాలు రెండే చెబుతాను. తడిసిన అట్టపెట్టె, బూజు పట్టిన బీరువా వాసన వస్తే కార్క్ చెడింది, షాపులో తిరిగి ఇచ్చేయండి. కోసి వదిలేసిన యాపిల్ వాసన, పైగా రంగు మారి ఉంటే గాలి తగిలి ముసలిదైపోయింది. చెక్క ఎక్కువవడం లోపం కాదు, చేసినవాళ్ల అభిరుచి. దాన్ని తిట్టొచ్చు, వాపసు ఇవ్వలేం.

నేర్చుకోవడానికి దగ్గరి దారి రెండు సీసాలు కొనడం. ఒకటి చెక్క తగలని మామూలు షాబ్లీ, ఇంకొకటి ఓక్‌లో పెంచిన కాలిఫోర్నియా షార్డొనే. పక్కపక్కనే పోసుకుని ఒకటి మార్చి ఒకటి పీల్చండి. ఒకే ద్రాక్ష, అయినా తేడా ఎక్కడ మొదలవుతుందో ముక్కుకి అర్థమవుతుంది. ఎవరైనా "కాలిఫోర్నియా వాళ్లకేం తెలుసు" అంటే 1976 పారిస్ పోటీ గుర్తుచేయండి. ఫ్రెంచ్ జడ్జీలు లేబుల్ చూడకుండా రుచి చూసి తెల్ల వైన్లలో మొదటి స్థానం ఇచ్చింది షాతో మాంటెలీనా 1973 షార్డొనేకే. పేరు ఆ వైనరీ ఉన్న నాపాకి వచ్చింది గానీ అందులో మంచి వాటా ద్రాక్ష మా రష్యన్ రివర్‌లోని బాచిగలూపి తోటది. సొనోమాలో ఎవరైనా అడక్కుండానే ఈ మాట చెబుతారు, నేనూ అంతే.

రుచి చూసే ముందు ఆవకాయ తినకండి. కారం మీద ఆల్కహాల్ మరింత మండుతుంది, చెక్క చేదెక్కుతుంది. భోజనంలోకైతే కొబ్బరిపాలు పోసిన రొయ్యల కూర, జీడిపప్పు కోర్మా, వెన్నలో వేయించిన పీత బాగా కుదురుతాయి. గోంగూర ముందు మాత్రం ఏ షార్డొనే అయినా చప్పబడిపోతుంది.

సగం సీసా మిగిలితే మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు సాయంత్రం మళ్లీ అదే వరసలో రుచి చూడండి. నిన్నటి నోట్సు చూడకుండా కొత్తగా రాయండి. బాగా చేసిన వైన్‌లో రెండో రోజు పండు ఇంకా విచ్చుకుంటుంది. పైపైన ఓక్ పూసినదైతే వనిల్లా ఒక్కటే మిగులుతుంది. ఆ సీసాని మళ్లీ కొనాలా వద్దా అన్నది నేను ఆ రెండో రోజు గ్లాసుని బట్టే తేల్చుకుంటాను.