ఎంతమందిని గుట్ట ఎక్కించారో అంతమందినీ దించడం ఎలా?

ఆదివారం వస్తే చాలు వాట్సాప్‌లో పరిచయమైన పదిమందిని పోగేసి ఏదో ఒక గుట్ట ఎక్కించి సెల్ఫీలతో తిరిగిరావడం ఇప్పుడు చాలామంది చేస్తున్నారు. తప్పేం లేదు, నేనూ అలాగే మొదలుపెట్టా. కాకపోతే ఎక్కించడంతోనే లీడర్ పని అయిపోయిందనుకునేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది. ఎక్కడానికి ఎవరి సాయమూ అక్కర్లేదండీ, పైన గుడి జెండానో, కోట బురుజో కనపడితే జనం వాళ్ళంతట వాళ్ళే ఎక్కేస్తారు. దించడం మన పని. ఇక్కడ రాసేది తెలంగాణ, రాయలసీమ వైపు ఒక్కరోజు గుట్టల నడకకి నేను వాడే పద్ధతి. తాళ్ళు కట్టుకుని ఎక్కే క్లైంబింగ్ గురించి ఇందులో లేదు, అది ట్రైనర్ దగ్గర నేర్చుకోండి, వీడియోలు చూసి మాత్రం కాదు.

మనుషులు

పన్నెండు మంది దాటొద్దు. ఎందుకు పన్నెండే అంటే నా గొంతు అంతవరకే వినపడుతుంది, అంతే. పదమూడో మనిషి ఎంత దగ్గర ఫ్రెండ్ అయినా నెక్స్ట్ వారం రమ్మనండి.

ప్రతి ఒక్కరి పేరు, ఇంట్లోవాళ్ళ నంబర్, బ్లడ్ గ్రూప్, రోజూ వేసుకునే మందులు ముందురోజే రాయించుకోండి. ఫోన్‌లో కాదు, కాగితం మీద, రెండు కాపీలు, ఒకటి మీ జేబులో ఒకటి అందరికంటే వెనక నడిచేవాళ్ళ జేబులో. "ఫిట్‌గానే ఉంటారా" అని అడిగితే అందరూ ఫిట్టే అంటారు, అందుకే నేను "లిఫ్ట్ ఎక్కకుండా నాలుగంతస్తులు ఎక్కి వెంటనే నాకు ఫోన్ చేసి మాట్లాడండి" అంటా. ఆయాసం ఫోన్‌లోనే తెలిసిపోతుంది. మరీ కొత్తవాళ్ళైతే ముందు వికారాబాద్ అనంతగిరి లాంటి చోట్ల నడిపించి చూడండి, మూసీ పుట్టిన చోటు చూసినట్టూ ఉంటుంది, ఎవరి నడక ఎలాంటిదో మీకు తెలిసినట్టూ ఉంటుంది.

చోటు, కాలం

నల్లమలలో అమ్రాబాద్ వైపు పులుల అడవి, ఫారెస్ట్ వాళ్ళ పర్మిషన్ లేకుండా లోపలికి అడుగు పెట్టొద్దు. శేషాచలం వైపు ఎర్రచందనం గొడవ వల్ల నిఘా ఎక్కువ, అక్కడా అంతే. పర్మిషన్ అంటే జరిమానా భయం మాత్రమే కాదు, మీరు లోపల ఉన్నారన్న సంగతి బయట ఒకళ్ళకి తెలియడం. తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో 2018 మార్చి 11న కార్చిచ్చులో ట్రెక్కింగ్‌కి వెళ్ళినవాళ్ళు ఎంతమంది పోయారో మర్చిపోకండి. ఎండిన గడ్డి, వాలు, గాలి, ఈ మూడూ కలిసినచోట మంట మనిషికంటే వేగంగా పైకి ఎక్కుతుంది. మార్చి నుంచి మే దాకా నేను గడ్డి ఉన్న కొండల జోలికే పోను, బండ గుట్టలైనా పొద్దున పదింటికల్లా కిందకి వచ్చేయాలి, ఆ తర్వాత బండ పెనంలా ఉంటుంది.

వానాకాలం జలపాతాల పిచ్చి ఇంకోటి. 2023 జులైలో ములుగు జిల్లా ముత్యాలధార చూడ్డానికి వెళ్ళి తిరిగొచ్చే దారిలో వాగు పొంగి ఎనభై మంది దాకా అడవిలో ఇరుక్కుపోయారు, రాత్రిపూట ఎన్‌డీఆర్‌ఎఫ్ వాళ్ళు వెళ్ళి తీసుకొచ్చారు. పొద్దున మడమల దాకా ఉన్న వాగు సాయంత్రానికి నడుము దాకా రావడానికి మీ నెత్తిన వాన పడక్కర్లేదు, పైన ఎక్కడో పడితే చాలు. నీళ్ళ రంగు మారి ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నాయంటే ఇక దాటొద్దు, ఎత్తైన చోట కూర్చోండి.

సామాను

మనిషికి మూడు లీటర్ల నీళ్ళు, రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు, పల్లీపట్టీ, టోపీ, పట్టు ఉన్న బూట్లు, విజిల్, టార్చి. టార్చి అంటే టార్చే, ఫోన్ లైట్ కాదు, ఫోన్ ఛార్జింగ్ మాట్లాడ్డానికి కావాలి. తలకి కట్టుకునేదైతే చేతులు ఖాళీగా ఉంటాయి. అరటిపండ్లు బ్యాగ్ బయట పెట్టొద్దు, కోతులు. నల్ల టీషర్ట్, సెంటు, బ్లూటూత్ స్పీకర్ ఈ మూడూ నా ట్రెక్‌లో నిషేధం. మొదటి రెండూ పెద్ద తేనెటీగల వల్ల, బండల అంచులకి వేలాడే పట్టులు చూశారుగా, అవి కదిలితే పరుగు తప్ప ఇంకో మందు లేదు. మూడోది నా వల్ల. ఐదువేలు పెట్టి చేతికర్రలు కొనుక్కొచ్చి టార్చి మర్చిపోయినవాళ్ళు నాకు ప్రతిసారీ ఒకరైనా తగులుతారు.

పాము కరిస్తే కట్టు కట్టి బిగించొద్దు, కొయ్యొద్దు, నోటితో పీల్చొద్దు, కాలు కదలకుండా మోసుకుని దించి 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి పంపండి, అంతే.

వెనక్కి తిరిగే టైమ్

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఎవరైనా చేస్తారు. అందరూ చెడగొట్టేది ఇక్కడ, నేను కూడా చెడగొట్టా, కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి.

ముందు లెక్క. 1892లో నైస్మిత్ అనే స్కాట్లాండ్ ఆయన చెప్పిన సూత్రం ఒకటుంది, 5 కిలోమీటర్ల నడకకి ఒక గంట, దాని మీద ప్రతి 600 మీటర్ల ఎత్తుకి ఇంకో గంట. అది చల్లటి దేశంలో, నడక అలవాటున్నవాళ్ళకి. మన ఎండకి, మన ఫోటోలకి, మన "ఒక్క నిమిషం అన్నా"లకి దాన్ని రెట్టింపు చేయాలి, ఇందులో బేరం లేదు. రానూపోనూ 14 కిలోమీటర్లు, 500 మీటర్ల ఎత్తు అనుకోండి. నైస్మిత్ లెక్కలో సుమారు మూడు గంటల నలభై నిమిషాలు, నా లెక్కలో ఏడు గంటల ఇరవై. అంటే తిరుగుదారికే మూడు గంటల నలభై ఉంచుకోవాలి. దిగడం తేలిక, సగం టైమ్ చాలు అనేవాళ్ళ మాట వినకండి, దిగేటప్పటికి మోకాళ్ళు పొద్దున్న మోకాళ్ళు కాదు.

ఇప్పుడు దీన్ని చీకటి వైపు నుంచి వెనక్కి లెక్కపెట్టండి. నవంబర్ చివర్లో హైదరాబాద్ చుట్టుపక్కల 5:40కి పొద్దుపోతుంది. గంట చేతిలో ఉంచుకుంటే 4:40కి బండి దగ్గర ఉండాలి. అందులోంచి మూడు గంటల నలభై తీసేస్తే 1:00. ఒంటిగంటకి ఎక్కడుంటే అక్కడి నుంచి వెనక్కి. జూన్ చివర్లో ఏడు దాకా వెలుతురు ఉంటుంది కదా అని అదే టైమ్ తర్వాత నవంబర్‌లో వాడారో, అయిపోయారు.

ఈ టైమ్‌ని ఎక్కడం మొదలుపెట్టకముందే, కిందే, అందరి ముందూ గట్టిగా చెప్పాలి. మనసులో పెట్టుకోవడం కాదు, గ్రూప్‌లో మెసేజ్ పెట్టడం కాదు, బండి దగ్గర నిలబెట్టి చెప్పి, "ఎన్నింటికి తిరుగుతున్నాం?" అని వాళ్ళ నోటితో చెప్పించాలి. చిన్నపిల్లల బడిలా ఉందని నవ్వుతారు, నవ్వనివ్వండి. ఎందుకంటే పైన ఎండలో, శిఖరం కనపడుతుండగా మొదటిసారి ఆ మాట అంటే అది మీ పిరికితనంలా వినపడుతుంది. కింద చెప్పి ఉంటే అది అందరూ ఒప్పుకున్న మాట.

నేను ఒక నవంబర్‌లో ఇది కింద చెప్పలేదు. పద్నాలుగు మందిమి, అప్పటికి నాకు పన్నెండు రూల్ లేదు. ఒంటిగంటకి మేమున్న చోటు నుంచి పైన జెండా కనపడుతోంది. "ఇంకో ఇరవై నిమిషాలే అన్నా, ఇంత దూరం వచ్చి తిరిగిపోతామా" అన్నారు, నేనూ సరే అన్నా. ఇరవై కాస్తా యాభై అయింది, పైన ఫోటోలు ముప్పై, తిరిగేసరికి 2:20. సగం దారిలో ఒకమ్మాయి చీలమండ మెలికపడింది, అక్కడి నుంచి నత్తనడక. 5:40కి చీకటి, ఇంకా గంటన్నర దారి, పద్నాలుగు మందికి నాలుగు టార్చిలు. లెక్కపెడితే పదమూడే వచ్చారు.

తప్పిపోయింది యాభై దాటిన అంకుల్ ఒకాయన. ఎలా తప్పిపోయాడో తెలుసా, తన వల్ల అందరికీ లేటవుతోందని, ఆ అమ్మాయి దగ్గర మేం ఆగినప్పుడు "నేను మెల్లగా ముందు నడుస్తూ ఉంటాలే బాబూ" అని ఎవరితోనో చెప్పి వెళ్ళాడు. ఆ ఎవరో నాకు చెప్పలేదు. ఇది బాగా గుర్తుపెట్టుకోండి, స్పీడ్‌గా నడిచే కుర్రాళ్ళు తప్పిపోతారని మనం భయపడతాం, మొహమాటస్తులు ఎక్కువ తప్పిపోతారు.

పదమూడు మందిమి చుట్టూ తిరిగి "అంకుల్, అంకుల్" అని అరుస్తూనే ఉన్నాం. గంట పైన. చివరికి గొంతులు పోయి బండల మీద కూలబడ్డాం, ఎవరూ మాట్లాడట్లేదు, అప్పుడు కిందవైపు నుంచి సన్నగా ఫోన్ అలారం మోగింది. ఏడింటికి బీపీ మాత్ర వేసుకోవడానికి ఆయన పెట్టుకున్న అలారం. వంద అడుగులు కూడా లేదు, ఒక పెద్ద గుండు అవతల కూర్చుని ఉన్నాడు. ఆయనా మా కేకలకి బదులు పలుకుతూనే ఉన్నాడట, మేం అరవడం ఆపితే కదా వినపడ్డానికి. దూరంగా రోడ్డు లైట్లు చూసి వాటివైపు తిన్నగా నడిచి, ముందు నేల లేదని కాలికి తెలిసిన చోట ఆగిపోయి కూర్చున్నాడు. పొద్దున మళ్ళీ వెళ్ళి చూశా ఆ చోటు. తాటిచెట్టంత లోతు.

కాబట్టి ఎవరైనా తప్పిపోతే ఒక్కరే పిలవాలి, ఒక్కసారి, తర్వాత నిమిషం నిండా అందరూ నోరు మూసుకోవాలి. విజిల్ అయితే నిమిషానికి ఆరుసార్లు, ఒక నిమిషం ఆగి మళ్ళీ ఆరు. అది కొండల్లో ఆపదలో ఉన్నాం అనే గుర్తు, బదులు మూడుసార్లు. తప్పిపోయినవాళ్ళు నడవకూడదు, ఉన్నచోటే కూర్చోవాలి, ఇది కూడా కిందే చెప్పండి. అరగంటలో దొరక్కపోతే పరువు గురించి ఆలోచించకుండా 112కి ఫోన్ చేయండి. లైవ్ లొకేషన్ ఉందిగా అంటారు కొందరు, సిగ్నల్ లేని లోయలో అది చూపించేది మనిషి ఉన్న చోటు కాదు, గంట క్రితం ఉన్న చోటు.

ఆరోజు తర్వాత నా పద్ధతి ఇది. అందరికంటే నెమ్మది మనిషి నా వెనకే, రెండో స్థానంలో నడవాలి, గ్రూప్ స్పీడ్ అంటే ఆ మనిషి స్పీడ్. స్పీడ్‌గా నడిచేవాళ్ళని ముందు వదిలేసి జంక్షన్ దగ్గర కలుద్దాం అనే పద్ధతి చాలా గ్రూపుల్లో ఉంది, అది నాకు అస్సలు నచ్చదు. నెమ్మదిగా వచ్చేవాళ్ళు చేరేసరికి వీళ్ళ రెస్ట్ అయిపోతుంది, వాళ్ళకి రెస్టే ఉండదు. చివర ఒక అనుభవం ఉన్న మనిషి, ఆ మనిషిని దాటి ఎవరూ వెనక ఉండకూడదు, ఒంటికి రెంటికి పక్కకి వెళ్ళినా బ్యాగ్ దారి మీద పెట్టి వెళ్ళాలి. ప్రతి ఒక్కరికీ ఒక నంబర్, ఆగిన ప్రతిచోటా ఎవరి నంబర్ వాళ్ళే చెప్పాలి. మీరు తలలు లెక్కపెడితే చీకట్లో ఒకే తలని రెండుసార్లు లెక్కపెడతారు, నేను పెట్టా.

దిగడం

భువనగిరి గుట్ట మీద ట్రైనింగ్ మొదలుపెట్టిన మాలావత్ పూర్ణ 2014 మే 25న పద్నాలుగేళ్ళైనా నిండకుండా ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటి నుంచి ఆ ఏకశిల చూసిన ప్రతివాళ్ళకీ తామూ ఎక్కేయొచ్చనిపిస్తుంది. ఆ అమ్మాయికి కోచ్ ఉన్నాడు, తాడు ఉంది, నెలల ట్రైనింగ్ ఉంది. మీరు మెట్ల దారిన వెళ్ళండి.

నున్నటి బండ మీద దిగేటప్పుడు భయంతో వెనక్కి వాలి కూర్చుంటారు, కూర్చుంటే బూటు పట్టు పోయి జారుడుబల్లే. నిటారుగా నిలబడి పాదం మొత్తం ఆనించి చిన్న అడుగులు వేయాలి. నల్ల చారల మీద కాలు పెట్టొద్దు, అవి వాన నీళ్ళు కారిన దారులు, ఎండాక బాగానే ఉంటాయి గానీ కొంచెం తడి తగిలితే సబ్బు. వాన మొదలైతే బండ దిగకండి, ఆరేదాకా ఆగండి, అందుకే ఆ గంట చేతిలో ఉంచుకోమన్నది.

కింద టీకొట్టు దగ్గర "ఎన్ని టీలు?" అని అడుగుతారు కదా, అప్పుడు అందాజాగా చెప్పకండి, మళ్ళీ నంబర్లు పిలిచి చెప్పండి. పొద్దున దారి చూపించిన మేకల కాపరికో, ఊళ్ళో మీరు చెప్పి వెళ్ళినవాళ్ళకో అందరం దిగామని ఫోన్ చేసి అప్పుడు టీ తాగండి, లేకపోతే పాపం ఆయన చీకటి పడ్డాక టార్చి పట్టుకుని మీకోసం పైకి బయల్దేరతాడు, నిజంగానే బయల్దేరాడు ఒకసారి.