పాల లెక్క పక్కన ఒక నవ్వు

మా వంటింటి గోడ క్యాలెండర్ మీద పాల లెక్క, గ్యాస్ బండ వచ్చిన తేదీ రాసుకోవడం మామూలే. రెండేళ్లుగా అదే గడిలో ఇంకోటి కూడా రాస్తున్నాను: ఆ రోజు ఇంట్లో నవ్వొచ్చిన మాట.

గడి చిన్నది కాబట్టి నాలుగైదు మాటలకు మించి పట్టవు, అదే మంచిది. కథంతా రాయాలని కూర్చుంటే మూడో రోజుకే మానేస్తాం. అన్న మాటను అన్నట్టే రాయండి, సరిదిద్దకండి. పెన్ను క్యాలెండర్ తగిలించిన మేకుకే దారంతో కట్టి ఉంచండి. పడుకునేలోపు రాసేయాలి, తెల్లారితే గుర్తుండదు, నాకైతే అసలు ఉండదు.

మొన్న ఏదో టెన్షన్‌లో పప్పుచారులో ఉప్పు రెండుసార్లు వేశాను. మా ఆయన కిక్కురుమనకుండా తిని, "చారు బాగుంది, ఇంకో చెంబు నీళ్లు తే" అన్నారు. అప్పుడు ఒళ్లు మండింది. రాత్రి గడిలో "చారు బాగుంది, చెంబు తే" అని రాస్తుంటే నవ్వు ఆపుకోలేకపోయాను. మా అత్తయ్య ఫోన్‌లో వినిపించే రికార్డు గొంతుకి "సరేనమ్మా, ఉంటాను" అని జవాబిస్తారు. అదీ ఎక్కింది, ఆవిడను అడిగాకే. ఎవరైనా చిన్నబుచ్చుకునేది మాత్రం రాయొద్దు, గోడ మీద ఉన్నది వచ్చినవాళ్లంతా చదువుతారు.

నెలాఖరున కాగితం తిప్పే ముందు అన్నాల దగ్గర పైకి చదువుతాం. పోయిన నెల ఒక గడిలో "వంకాయ, మామయ్య, నిచ్చెన" అని ఉంది. ఏం జరిగిందో ఎవరికీ గుర్తురాలేదు. అయినా అందరికంటే ఎక్కువ నవ్వింది మామయ్యే.