నెల్లూరు పిన్‌కోడ్‌ని ముక్కలు చేసేది ఎట్టా

పిన్‌కోడ్లు 1972 ఆగస్టు 15న వచ్చాయి, అప్పట్నించి కవర్ల మీద 524001 అని రాస్తానే ఉన్నాం గానీ ఆ నంబర్ దేంతో తెగుద్దో ఎవరూ చూసినట్టు లేదు. ఫోన్‌లో కొడితే సెకన్లో చెప్తది, కాదన్ను, కానీ చేత్తో చేస్తే ఆ మజానే వేరబ్బా. ఒక పెన్ను, పాత నోటుబుక్కులో వెనక పేజీ చాలు.

ముందు తేలిగ్గా పోయేవాటిని తీసేయండి. చివర 1 ఉంది కాబట్టి 2, 5 లేవు. అంకెలన్నీ కూడితే 12, అంటే 3తో పోద్ది, 9తో పోదు. 3తో భాగిస్తే 174667.

7, 11, 13 ఒక్కోటి విడిగా చూడబాకండి, ఆ మూడూ గుణిస్తే 1001 వస్తది కదా, అందుకని నంబర్‌ని మూడేసి అంకెలుగా విడగొట్టి తీసేస్తే చాలు, 667లో 174 పోతే 493, అది ఈ మూడిట్లో దేంతోనూ పోదు, కాబట్టి మన నంబరూ పోదు. 17తో భాగిస్తే 9 మిగుల్తది, వదిలేయండి.

ఇప్పుడు 19. దీని కిటుకు నాకు బో ఇష్టం. చివరి అంకెని రెట్టింపు చేసి మిగతాదానికి కలపాలి, అంతే. 17466కి 14 కలిపితే 17480. సున్నా తీసేస్తే 1748. 174కి 16 కలిపితే 190. పందొమ్మిది పదులు! దొరికింది. భాగిస్తే 9193.

మళ్ళీ 19, తర్వాత 23 చూశా, కుదర్లా. 29కి కూడా ఇదే పద్ధతి, కాకపోతే రెట్టింపు బదులు మూడింతలు: 919కి 9 కలిపితే 928, 92కి 24 కలిపితే 116, 11కి 18 కలిపితే 29. భాగిస్తే 317 మిగిలింది. దీన్నింక తవ్వక్కర్లా, దాని వర్గమూలం 18 కూడా లేదు, అంతలోపు ప్రధాన సంఖ్యలన్నీ ముందే చూసేశాం.

సో 524001 = 3 × 19 × 29 × 317. నాలుగూ వేరు వేరు కాబట్టి కారణాంకాలు 2×2×2×2, అంటే 16, ఒకటీ ఆ నంబరూ కలుపుకుని.

అసలు తమాషా ఇక్కడ. 19, 29 ఒక జత చేస్తే 551, 3, 317 ఇంకో జత చేస్తే 951. రెండిటికీ నడిమధ్యన 751, అటూ ఇటూ సరిగ్గా 200. అంటే 751 వర్గంలోంచి 200 వర్గం తీసేస్తే మన పిన్‌కోడ్! 564001లోంచి 40000. నమ్మబుద్ధి కాక రెండుసార్లు గుణించుకున్నా.

ఒంగోలు వాళ్ళు అలగబాకండి, మీ 523001ది కూడా చూశా, 31తో పోద్ది. 31కి చివరి అంకెని మూడింతలు చేసి తీసేయాలి: 52297, 5208, 496, చివరికి 31. మిగిలేది 16871, అది ప్రధాన సంఖ్యే, కానీ తేల్చుకోవాలంటే 31 నించి 127 దాకా 21 ప్రధాన సంఖ్యలతో భాగించి చూడాలి, ఒంగోల్లో బస్సెక్కి మొదలుపెడితే కావలి దాటినా అవలా నాకు, మధ్యలో 67 కాడ తప్పు పడి మళ్ళీ చేయాల్సొచ్చింది.