ప్రమిద మీద పొడి, సీసా మీద పొర: ఆక్రిలిక్ రంగు ఎందుకు నిలవట్లేదు?

పెళ్లిళ్లకి కొబ్బరి బోండాలు, గరిగ ముంతలు, దీపావళికి ప్రమిదలు రంగులేసి ఇస్తుంటాను. రంగు ఊడితే అందరూ ముందు డబ్బానే తిడతారు. నేనైతే కింద ఉన్న వస్తువు నీళ్లు తాగే రకమా, కాదా అని చూస్తాను. ఆక్రిలిక్ అంటే నీళ్లలో కలిసిన రంగుపొడి, ప్లాస్టిక్ జాతి జిగురు. నీళ్లు ఆరాక ఆ జిగురే పొరగా బిగుస్తుంది.

ప్రమిద తుడిస్తే రంగు చేతికి పొడిలా అంటుతోంది

మట్టి నీళ్లతో పాటు జిగురునీ కొంత లాగేసుకుంటుంది. రంగు కలిసొస్తుందని మనం ఇంకాస్త నీళ్లు పోస్తాం. ఇక పొడిని పట్టుకోవడానికి ఏం మిగులుతుంది? తడిగుడ్డతో దుమ్ము తుడిచి, ఒక రోజు నీడన ఆరబెట్టి, జెస్సో (రంగుకి ముందు అడుగున వేసే తెల్లటి పూత మందు) ఒక పూత వేయండి. ఆ తర్వాత రంగు చిక్కగానే వేయండి. జెస్సోకి బదులు తెల్ల జిగురు పూసే అలవాటు నాకూ ఉండేది. తడి తగిలితే అది మళ్లీ మెత్తబడుతుంది, పైన రంగు కదిలిపోతుంది.

దీపం పెట్టాక బయట రంగు ఉబ్బి లేచింది

ఇది రంగు వేయడంలో తప్పు కాదు. లోపలి నూనె మట్టిలోంచి ఊరి, పొరను వెనకనుంచి తోస్తోంది. పైన ఎన్ని పూతల వార్నిష్ వేసినా ఆగదు. రంగుల ప్రమిదలో నూనె పోయకుండా, రేకు గిన్నెలో వచ్చే చిన్న మైనపు దీపం పెట్టండి. వత్తి ఆనే అంచుకి మాత్రం రంగు వద్దు.

మొక్కల కుండీ మీద తెల్లటి పొక్కులూ ఇలాంటివే: లోపలి నీళ్లు ఉప్పును బయటికి మోసుకొస్తాయి. మొక్కను ప్లాస్టిక్ కుండీలో పెట్టి, దాన్ని రంగు కుండీలో దించండి.

గాజు సీసా మీద గోరు తగిలితే పొర మొత్తం ఊడొస్తోంది

గాజు చుక్క నీరు తాగదు, పైగా మన వేళ్ల జిడ్డు ఉంటుంది. సబ్బుతో కడిగి, స్పిరిట్‌తో తుడిచి, ఆపైన మూతి దగ్గర మాత్రమే పట్టుకోండి. మొదటి పూత బ్రష్‌తో లాగొద్దు, స్పాంజితో అద్దండి. సగం ఆరిన చోట బ్రష్ రెండోసారి తగిలితే కింది రంగు ముద్దగా చుట్టుకుని లేస్తుంది. తర్వాత మూడు వారాలు కడగొద్దు. నోరు తగిలే గ్లాసు అంచుకి ఈ రంగు వేయనే వేయొద్దు. స్టీలు చెంబుకీ ఇదే పద్ధతి, కాకపోతే ముందు 220 నంబరు శాండ్‌పేపర్‌తో మెరుపు పోయేలా రుద్దాలి.

పెళ్లి బోండాం మీద రంగు పగుళ్లిచ్చింది

పచ్చి బోండాం తొక్కకి సన్నటి మైనం ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ తొక్క ఎండి ముడుచుకుంటుంది, రంగు పొర దానితో పాటు ముడుచుకోలేక చిట్లుతుంది. ఒకసారి పది రోజుల ముందే వేసిచ్చి మాట పడ్డాను. "ఇదేంటమ్మా, గోడ బీటలిచ్చినట్టుంది!" అంది పెళ్లికూతురి మేనత్త. ఇప్పుడు రెండు రోజుల ముందు వేస్తాను. స్పిరిట్ గుడ్డతో తుడిచి, పల్చగా రెండు పూతలు, అంతే. ముత్యాలు, కుందన్లు అతికించేది రంగు రాత్రంతా ఆరాకే.

ఆరిన ముంతలు ఒకదానికొకటి అంటుకున్నాయి

ఈ జిగురు వేడికి మెత్తబడుతుంది. ఎండాకాలం ఒకదానిలో ఒకటి పేర్చొద్దు. మధ్యలో న్యూస్‌పేపర్ పెడితే అక్షరాలు రంగుకి అంటుకుంటాయి, బటర్ పేపర్ పెట్టండి.