కోబర్గ్ డ్యూకుల వారసపట్టీ గీసే పద్ధతి

కోబర్గ్ అంటే జర్మనీలో డ్యూకులు (రాజుల్లాంటి పాలకులు) ఏలిన సాక్స్-కోబర్గ్-గోథా సంస్థానం. చార్టు పేపరు అడ్డంగా పరచి పెన్సిలుతో మొదలెట్టండి. ఒక్క పేరు వరస తప్పినా కిందిదంతా తప్పుతుంది కాబట్టి పెన్ను చివరికే. గుర్తులు మూడు: ఏలినవారికి డబ్బా, ఏలకుండానే పోయినవారికి సున్నా, హక్కు వదులుకున్నవారికి అడ్డగీత. పక్కనే సంవత్సరం.

కోనసీమ కొబ్బరితోటలా అన్నదమ్ములకు వాటాలు వేయడం ఇక్కడ కుదరదు. మొదట్లో వీళ్లూ పంచుకున్నవాళ్లే లెండి, 1680లో ఏడుగురు అన్నదమ్ములు గోథాను ఏడు ముక్కలు చేశారు. 19వ శతాబ్దానికి మాత్రం మొత్తం ఒక్కరికే: ముందు పెద్దవాడి శాఖ, అది ఆగితే తర్వాతిది. కాలువకి షట్టరు దించితే నీళ్లు పక్క కాలువకి మళ్లినట్టు.

పై వరసలో రెండో ఎర్నెస్ట్‌కి డబ్బా (1844–1893). పిల్లల్లేరు. పక్కన తమ్ముడు ఆల్బర్ట్, విక్టోరియా రాణి భర్త. అన్నకంటే ముందే 1861లో పోయాడు కాబట్టి సున్నా. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే: ఏలలేదు కదా అని ఆల్బర్ట్‌ని వదిలేస్తారు. వారసత్వం దిగేదే ఆ సున్నా మీదుగా.

ఆయన కింద నలుగురు కొడుకులు, వయసు వరసలో. ఎడ్వర్డ్ 1863లోనే హక్కు వదులుకున్నాడు, అడ్డగీత. ఆల్‌ఫ్రెడ్‌కి డబ్బా, 1893–1900. ఆయన కొడుకు పేరూ ఆల్‌ఫ్రెడే, 1899 ఫిబ్రవరిలో పోయాడు. పుట్టిన ఏడు రాయకపోతే తండ్రీకొడుకులు ఒక్కరైపోతారు. మూడోవాడు ఆర్థర్, అతని కొడుకు ఆర్థర్, ఇద్దరూ 1899లో తప్పుకున్నారు. తండ్రికే గీత కొట్టి ఊరుకుంటే పట్టీ కుర్ర ఆర్థర్ దగ్గర ఆగిపోతుంది.

ఇక లియోపోల్డ్. 1884 మార్చి 28న పోయాడు, సున్నా. కొడుకు చార్లెస్ ఎడ్వర్డ్ పుట్టింది ఆ జూలై 19న. తేదీలు తారుమారయ్యాయని దిద్దకండి, తండ్రి పోయాక పుట్టిన బిడ్డే. 1900 జూలై 30న డ్యూక్ అయ్యేసరికి 16 ఏళ్ల 11 రోజులు. 21 నిండేదాకా, అంటే 1905 జూలై 19 వరకు, హోహెన్‌లోహె-లాంగెన్‌బర్గ్ ఎర్నెస్ట్ రీజెంటు, అంటే మైనరు డ్యూక్ తరఫున పాలించినవాడు. ఆయన్ని డబ్బా పక్కన చుక్కల గీతతో చూపండి. ఆ ఐదేళ్లకి వేరే డబ్బా పెడితే లేని డ్యూక్ ఒకడు పుట్టుకొస్తాడు.

చార్లెస్ ఎడ్వర్డ్ గద్దె దిగాడు కాబట్టి చివరి డబ్బా 1918 నవంబరులో మూసేయండి. ఆయన 1954 దాకా బతికాడు, అది పేరు కింద రాస్తే చాలు. 1920లో కోబర్గ్ బవేరియాలో, గోథా తురింగియాలో కలిశాయి.